బీదరు: మనం కాపురమున్న ఊరి కథ

ఉగాదికి బంధువులు వచ్చినప్పుడు మన ఇండ్లలో తప్పక వినిపించే ప్రశ్న ఒకటి ఉన్నది. "మీ బీదరులో చూడదగినదేమున్నది?" అని వారు అడుగుతారు. "కోట ఉన్నది, గురుద్వారా ఉన్నది, నరసింహస్వామి గుహ ఉన్నది" అని మనం వ్రేళ్లు మడిచి చెబుతాం. వీలైతే సాయంకాలం ఒకటి చూపించి, మరునాడు హైదరాబాదు బస్సెక్కించి పంపివేస్తాం. మేమూ అట్టివారమే. చౌబారా ప్రక్కగా దినమూ నడుస్తూ కూడ, ఊరి నాలుగు దారులూ కనిపెట్టి చూడడానికి కట్టిన 71 అడుగుల గోపురం అది అని చాలాకాలం తెలుసుకోలేదు. "మా ఊరు" అన్నప్పుడు మనకు గుంటూరో, కరీంనగరమో, జహీరాబాదు దాపున ఉన్న పల్లెయో మనసులో మెదులుతుంది గాని బీదరు మెదలదు. పిల్లలు మాత్రం ఇక్కడే పుట్టి, ఇక్కడి బడిలో కన్నడం చదివి, వీధిలో దక్కనీ ఉర్దూ మాట్లాడి, ఇంటికి వచ్చి తెలుగులో అన్నం అడుగుతున్నారు. "మనం ఇక్కడివాళ్లమా, కామా?" అని వారు అడిగినప్పుడు ఏమి చెప్పాలో తోచకనే మేము ఈ ఊరి చరిత్ర చదవడం మొదలుపెట్టాము. చదివిన దానిలో మనకు సంబంధించినంత మట్టుకు ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదట పేరు సంగతి. కన్నడంలో వెదురును బిదిరు అంటారు. ఊరి పేరు ఆ మాట నుండి వచ్చినదని పలువురి అభిప్రాయం. మన వెదురూ వారి బిదిరూ ఒక తల్లి బిడ్డలే. విదురుడు నివసించిన చోటు గనుక ఈ పేరు వచ్చినదని కొందరు పెద్దలు చెబుతారు. దమయంతి తండ్రి భీమరాజు ఏలిన పట్టణం ఇదేనని పారశీక చరిత్రకారుడు ఫెరిష్తా వ్రాశాడు. నలుని కథ వినని తెలుగు ఇల్లు లేదు గనుక ఈ మాట వినడానికి మనకు ఇంపుగానే ఉంటుంది. కాని కథను కథగానే ఉంచి శాసనాల దగ్గరకు పోదాం.

బీదరు కోటలో దొరికిన ఒక కన్నడ శాసనఖండం కాకతి రుద్రమదేవి కాలపుది. రుద్రమ 1262 నుండి 1289 వరకు ఏలినది. దేవగిరి యాదవరాజు మహాదేవుడు ఓరుగల్లు మీదికి దండెత్తి వచ్చి, ఓడి వెనుదిరిగినప్పుడు ఆమె సేనలు ఈ దుర్గం వరకు వచ్చాయని చరిత్రకారులు ఈ శాసనాన్ని బట్టే నిర్ణయించారు. ఆమెకు "రాయగజకేసరి" అనే బిరుదు ఇందులో కనిపిస్తుంది. ఆమె వెంట నడిచిన సింద వంశపు భైరవుడు దీనిని వేయించాడు. ఓరుగల్లు రాణి విజయాన్ని కన్నడంలో చెక్కించారు చూడండి! ఎక్కడి ప్రజలకు అక్కడి భాషలో చెప్పాలన్న వివేకం వారికి ఉండేది.

బీదరుకు పడమట సుమారు 80 కిలోమీటర్ల దూరంలో నేడు బసవకల్యాణమని పిలుస్తున్న కల్యాణపురం ఉన్నది. చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కొలువులో విజ్ఞానేశ్వరుడు "మితాక్షర" అనే ధర్మశాస్త్ర వ్యాఖ్య వ్రాసినది అక్కడనే. తిక్కనగారి కాలంలో కేతన ఆ శాస్త్రాన్ని "విజ్ఞానేశ్వరీయము" అను పేర పద్యాలలో తెనిగించాడు. పన్నెండవ శతాబ్దంలో బసవేశ్వరుడు, అల్లమప్రభువు, అక్కమహాదేవి ఆ కల్యాణంలోనే మెలగినారు. బసవన్న జీవితాన్ని మొట్టమొదట పెద్ద కావ్యంగా చెప్పినవాడు మన పాల్కురికి సోమన. ఆయన ద్విపద "బసవపురాణము"ను ఆధారంగా తీసుకొని భీమకవి 1369లో కన్నడ బసవపురాణం రచించాడు. కన్నడదేశపు మహాపురుషుని కథ తెలుగులో పుట్టి మరల కన్నడానికి చేరిందన్న మాట. ఇది మన పొరుగింటి కన్నడ మిత్రులకు చెబితే ఎంతో సంతోషిస్తారు. మేము చెప్పి చూశాము.

ఇక కత్తుల సంగతి. 1322 ప్రాంతంలో ఢిల్లీ యువరాజు ఉలూగ్‌ఖాను, అనగా తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అని పేరు పొందినవాడు, ఓరుగల్లు మీదికి పోతూ దారిలో బీదరును పట్టుకొన్నాడు. 1323లో ఓరుగల్లు కూలింది. ఓరుగల్లుకు బీదరు ద్వారబంధం వంటిదని ఆ దండయాత్ర వల్లనే తెలుస్తుంది. నూరేండ్ల తరువాత అదే కథ మరొకసారి జరిగింది. 1422లో సింహాసనమెక్కిన బహమనీ సుల్తాను అహమ్మదు షా 1424-25లో ఓరుగల్లును గెలుచుకొని తన రాజ్యంలో కలుపుకొన్నాడు. గుల్బర్గా నుండి రాజధానిని బీదరుకు మార్చినవాడూ ఆయనే. నేటి కోట ఆయన హయాములో, 1432 నాటికి ముఖ్యంగా పూర్తి అయినది. దక్షిణ దిక్కున రాతిని తొలిచి మూడు వరుసలుగా తీసిన అగడ్త చూస్తే, ఉలి పట్టిన ఆ అజ్ఞాత కూలీలకు నమస్కరించాలని అనిపిస్తుంది. అక్కడ నిలబడి పై బురుజులను మాత్రమే చూసి వచ్చేవారు సగమే చూసినట్లు.

ఆ రాజధాని వైభవాన్ని కండ్లారా చూసి వ్రాసిపెట్టినవాడు రష్యా దేశపు వర్తకుడు అఫనాసీ నికితిన్. 1469 తరువాతి ఏండ్లలో అతడు బీదరు వచ్చి, తెచ్చుకొన్న గుర్రాన్ని ఇక్కడ అమ్ముకొన్నాడు. ప్రభువులు మహాభోగంగా ఉన్నారనీ, పల్లెజనం బహు దీనంగా ఉన్నారనీ అతడు వ్రాశాడు. చరిత్రలో మెరిసేదంతా చూసి మురిసిపోయేవారు ఈ రెండవ వాక్యం మరువరాదు.

నికితిన్ వచ్చిన కాలంలో బహమనీ రాజ్యపు ప్రధానమంత్రి మహమూద్ గవాన్. పారశీక దేశపు గీలాను ప్రాంతంలో పుట్టి, 40 ఏండ్లు దాటిన వయసులో వ్యాపారం మీద బీదరు వచ్చి, ఇక్కడనే నిలిచిపోయినవాడు. ఆయనా వలస వచ్చినవాడే! 1472లో ఆయన కట్టించిన మదరసా ఇప్పటికీ ఊరి నడుమ ఉన్నది. 205 అడుగుల పొడవు, 180 అడుగుల వెడల్పు, మూడు అంతస్తులు, ముందు భాగమంతా నీలం, తెలుపు, పసుపు రంగుల పింగాణీ పలకలు. విద్యార్థులకు గదులు, గురువులకు బస, మూడువేల గ్రంథాలు గల పుస్తకశాల ఉండేవని ప్రసిద్ధి. రెండు మీనారులలో ఒకటే మిగిలింది. ఔరంగజేబు కాలంలో, 1696 ప్రాంతంలో, అందులో నిలువచేసిన తుపాకిమందు పేలి ముందు భాగం కూలిపోయినదని చెబుతారు. పిడుగు పడినదని చెప్పేవారూ ఉన్నారు. ఏదైతేనేమి, చదువుల ఇల్లు మందుకొట్టుగా మారిన తరువాతనే కూలింది.

ఆ గవాన్ ఎక్కడ చనిపోయినాడో మన పిల్లలను అడిగి చూడండి. కొండపల్లిలో! బొమ్మల కొలువుకు మనం తెప్పించుకొనే కొయ్యబొమ్మల కొండపల్లి, కృష్ణా తీరపు కొండపల్లి. 1481లో సుల్తాను మూడవ మహమ్మదు షా అక్కడ విడిది చేసి ఉన్నాడు. గవాన్‌ను చూసి ఓర్వలేని కొలువుకాండ్రు ఆయన ముద్ర ఉంచుకొన్న సేవకుని వశపరచుకొని, ఖాళీ కాగితం మీద ముద్ర వేయించి, గవాన్ ఒరిస్సా గజపతికి దేశద్రోహపు ఉత్తరం వ్రాసినట్లుగా దానిని నింపి సుల్తానుకు చూపించారు. ముద్ర నాదే గాని ఉత్తరం నాది కాదని ఆ వృద్ధుడు చెప్పుకొన్నాడు. ఆయనకు అప్పటికి సుమారు 70 ఏండ్లు. సుల్తాను వినలేదు. అక్కడికక్కడే తల తీయించాడు. తరువాత ఆయన ధనాగారం సోదా చేస్తే చెప్పుకోదగిన సొమ్మేదీ దొరకలేదని ఫెరిష్తా వ్రాశాడు. నిజం తెలిసి కుమిలిన సుల్తాను మరుసటి ఏడే మరణించాడు. గవాన్ సమాధి బీదరు సమీపాననే ఉన్నది. ఇక్కడ బ్రతుకు వెదుక్కొంటూ వచ్చిన పరదేశి ప్రాణం మన తెలుగునేల మీద పోయింది. మదరసా ముందు నుండి నడిచినప్పుడల్లా ఈ సంగతి మా మనసులో గుచ్చుకొంటూనే ఉంటుంది.

గవాన్ పోయిన తరువాత రాజ్యం నిలువలేదు. అయిదు ముక్కలయినది. బీదరు ముక్క బరీదు షాహీలకు దక్కినది. వారిలో అలీ బరీదు 1565లో రక్కసి తంగడి యుద్ధంలో విజయనగరానికి ఎదురుగా నిలిచినవాడు. ముత్యపుచిప్పల పొదుగుతో అందమైన రంగీన్ మహలును తీర్చిదిద్దించినవాడూ ఆయనే. మెచ్చుకోవాలా, నిందించాలా? ఆ మహలులో నిలబడినప్పుడు మేము రెండూ చేశాము. తెలుగునేల ముక్క కులీ కుతుబ్ షాకు దక్కింది. ఆయన బీదరు కొలువులో పని నేర్చి, ఇక్కడి నుండి తెలంగాణపు అధికారిగా గోలకొండకు వెళ్లినవాడు. ఆ వంశమే 1591లో హైదరాబాదు కట్టించినది. కాబట్టి హైదరాబాదు బంధువులు బీదరును చిన్నచూపు చూస్తే, మీ ఊరు మా ఊరికి మనుమరాలు అని ధైర్యంగా చెప్పవచ్చును. 1619లో బిజాపురం వారు, 1657లో ఔరంగజేబు, 1724 తరువాత నిజాములు బీదరును ఏలినారు. ఆ కాలాల గురించి ఇక్కడ పెంచి వ్రాయము.

రాజులకంటె నీళ్ల సంగతి మాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించినది. సముద్రమట్టానికి సుమారు 2,200 అడుగుల ఎత్తున ఉన్న ఈ పీఠభూమి పైపొర లాటరైటు అనే ఎర్రరాయి. అది జల్లెడవలె వాననీటిని లోనికి విడుస్తుంది. క్రింద ఉన్న నల్లరాయి ఆ నీటిని దిగనీయదు. రెండూ కలిసేచోట నీరు ఊటగా బయటికి వస్తుంది. నరసింహ ఝరణిలో సుమారు 300 మీటర్ల సొరంగం వెంట రొమ్ములోతు నీటిలో గబ్బిలాల క్రింద నడిచి స్వామిని దర్శిస్తున్నామంటే అది ఈ ఊట మహిమ. పదహారవ శతాబ్ది ఆరంభంలో గురునానకు వచ్చినప్పుడు రాతి నుండి మంచినీరు ఉబికినదని సిక్కులు కొలిచే నానక్ ఝీరా కూడ ఇట్టి ఊటయే. 1699లో గురు గోవిందసింగు తల అడిగినప్పుడు లేచి నిలిచిన అయిదుగురిలో ఒకరైన భాయీ సాహిబ్ సింగు బీదరు వాడు, మంగలి కులస్థుడు. పంజాబు నుండి యాత్రికులు ఇంత దూరం వస్తున్నారంటే కారణం ఇదే. పారశీకం నుండి వచ్చిన పనివారు ఇదే ఊటను పట్టుకొని నౌబాదు వైపు నేల క్రింద కరేజు అనే కాలువ త్రవ్వారు. మెట్టన ఒక తల్లిబావి, అక్కడి నుండి సన్నని వాలుతో సొరంగం, గాలికీ పూడిక తీయడానికీ నడుమనడుమ నిలువు బావులు. ఏ యంత్రమూ లేకుండ నీరు తనంతట తాను నడచి వస్తుంది. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలతో నిలిచినవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

బిద్రీ సామాను మన ఇండ్లలో పెండ్లి కానుకగా ఒకటో రెండో ఉంటాయి. అవి ఎట్లా తయారవుతాయో చూసినవారు మాత్రం కొద్దిమంది. సుమారు పదహారు పాళ్లు తుత్తునాగానికి ఒక పాలు రాగి కలిపి పోతపోస్తారు. ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తం నీళ్లతో తాత్కాలికంగా నలుపు చేస్తారు, గీత కనబడడానికి. దాని మీద సన్నని ఉలితో తీగలు, పూలు చెక్కి, ఆ గాడిలో వెండి తీగెను సుత్తితో కొట్టి కూరుస్తారు. చివరకు కోటలో ఎండా వానా తగలని చోటి మట్టి తెచ్చి, నవాసాగరంతో కలిపి మరిగించి, కాచిన వస్తువును అందులో తడుపుతారు. లోహం కాటుకవలె నల్లనవుతుంది, వెండి వెన్నెలవలె నిలుస్తుంది. మట్టి మంచిదో కాదో పనివాడు నాలుకతో రుచి చూసి చెబుతాడు! 2006లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. గుర్తింపు వచ్చినంత మాత్రాన కూలి గిట్టుబాటు అయినదని చెప్పలేము. చేతిపనికి యంత్రపు సరుకుతో పోటీ పడవలసి వచ్చినప్పుడు ఏమవుతుందో చేనేతవారిని ఎరిగిన తెలుగువారికి వేరే చెప్పాలా?

ఇప్పుడు మన సరిహద్దు కథకు వద్దాం. 1948 సెప్టెంబరు పోలీసు చర్య వరకు ఈ జిల్లా నిజాము రాజ్యంలోనిది. కన్నడం, మరాఠీ, తెలుగు, ఉర్దూ నాలుగూ గల జిల్లా. ఏ ఒక్క భాషవారూ సగానికి మించరు. 1956 నవంబరు 1వ తేదీన భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఇట్టి జిల్లాను ఏమి చేస్తారు? కోశారు. అహమ్మదుపూరు, నిలంగా, ఉద్గీరు తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయినవి. నారాయణఖేడు తాలూకా, జహీరాబాదు తాలూకా, బీదరు తాలూకాలోని న్యాల్కల్ సర్కిలు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. కాని జహీరాబాదు తాలూకాలోని నిర్ణా సర్కిలును మాత్రం ఆపి, మిగిలిన బీదరుతో పాటు మైసూరు రాష్ట్రంలో కలిపారు. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటకమైనది. చట్టంలో ఇది ఒక వాక్యం. కాని నిర్ణాలో ఆడపిల్లను ఇచ్చి న్యాల్కల్‌లో భూమి ఉన్న కుటుంబానికి అది ఒక జన్మకు సరిపడే చిక్కు. మనలో కొందరు వలస రానే లేదు. వారు ఉన్నచోటనే ఉండగా హద్దు వారిని దాటి పోయినది. సంఘంలో "ఆంధ్ర నుండి వచ్చినవారు", "తెలంగాణ నుండి వచ్చినవారు" అని పట్టికలు వ్రాసేటప్పుడు ఈ మూడవ రకంవారిని ఏ వరుసలో వ్రాయాలో మన కార్యదర్శులకు ఎన్నడూ తెలియలేదు.

హద్దు కాగితం మీద పడినా బ్రతుకులో పూర్తిగా పడలేదు. మంజీరా నది ఈ జిల్లా నుండి తెలంగాణలో ప్రవేశించి, సింగూరు, నిజాంసాగరులను నింపి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. భాల్కి తాలూకా ఖానాపురంలోని మైలార మల్లన్న జాతరకు మూడు రాష్ట్రాల జనం పసుపు బండారు చల్లుకొంటూ వస్తారు. ఓరుగల్లు వీధులలో మైలారదేవుని భక్తుల వీరావేశాన్ని "క్రీడాభిరామము" వర్ణించినది. కొమురవెల్లిలో మనం కొలిచే మల్లన్న ఈయనే. ఉగాది నాడు మన ఇంట ఆరు రుచుల పచ్చడి, కన్నడవారింట వేపపూవు బెల్లం, మరాఠీవారి గడప ముందు గుఢి. ముగ్గురికీ అదే దినం సంవత్సరాది. వారి హోళిగె, పూరణపోళీ, మన బొబ్బట్టు, తెలంగాణ అమ్మలు చేసే భక్ష్యం, పేరు ఏదైనా పూర్ణం ఒకటే. నెయ్యి మాత్రం మరాఠీవారే ధారాళంగా వేస్తారని మా అనుభవం.

చివరకు అష్టూరు. ఊరికి తూర్పున రెండు మూడు కిలోమీటర్ల దూరంలో బహమనీ సుల్తానుల గోరీలు వరుసగా ఉన్నవి. క్రూరుడని పేరు పడిన హుమాయూను షా గోరీ గుమ్మటం పిడుగుపడి నిలువున చీలిపోయినది. ఆ పాపాత్మునికి దేవుడు వేసిన శిక్ష అని గ్రామస్థులు ఇప్పటికీ చూపుతారు. దాని సమీపాననే ఓరుగల్లును గెలిచిన అహమ్మదు షా గోరీ. లోపల చీకటి. కాపలాదారు వాకిట నిలబడి అద్దంతో ఎండను లోనికి త్రిప్పితే గుమ్మటం నిండ సిందూరం, బంగారం, నీలం రంగుల చిత్రలేఖనం ఒక్కసారిగా వెలుగుతుంది. కరవు వచ్చినప్పుడు ఈయన గుట్ట ఎక్కి ప్రార్థిస్తే వాన కురిసినదట. ముసల్మానులు ఆయనను వలీ అంటారు, లింగాయతులు అల్లమప్రభువు అంశ అంటారు. ఏటా జరిగే ఉరుసు హిజరీ లెక్కను బట్టి కాదు, మన చాంద్రమాసాల లెక్కను బట్టి, హోళీ తరువాత జరుగుతుంది. గుల్బర్గా వైపు మాడ్యాళ గ్రామం నుండి జంగమదేవర పరివారంతో వచ్చి, శంఖం ఊది, సుల్తాను గోరీ మీద పూలు ఉంచుతాడు.

మేము మొదటిసారి అది చూసినప్పుడు మాలో ఒక పెద్దాయన, ఓరుగల్లు వాస్తవ్యులు, చాలాసేపు మాట్లాడలేదు. "మా ఊరిని కొట్టినవాడు గదా" అన్నారు. కొంతసేపటికి జంగమదేవర ఇచ్చిన ప్రసాదం రెండు చేతులతో అందుకొన్నారు. ఆయన మనసులో ఏమి జరిగినదో మేము అడుగలేదు.

ఈ ఉగాది తరువాత వచ్చే ఆదివారం పిల్లలను వెంటబెట్టుకొని అష్టూరు పోదామని అనుకొన్నాము. ఉదయం ఏడు గంటలకు చౌబారా దగ్గర కలుసుకొందాం. ఎండ ముదరక ముందే అద్దపు వెలుగు బాగుంటుంది. జొన్నరొట్టెలు, పచ్చడి ఎవరి ఇంటివి వారు తెచ్చుకోవలసినది. కన్నడ, మరాఠీ ఇరుగుపొరుగువారిని కూడ పిలవండి. తిరిగి వచ్చేటప్పుడు మదరసా దగ్గర కొంతసేపు ఆగుదాం. కొండపల్లి కథ పిల్లలకు అక్కడ చెప్పాలని ఉన్నది.